గెర్షోము కొడుకు మత్తన్యా పెట్టె

నగల పెట్టె అనుకుని మూతకేసి అంత ఆశగా చూడకండి. నేను ఒక ఎముకల పెట్టెను. ఎన్నో వందల ఏళ్ళ కిందట గలిలయ కొండల్లో సున్నపురాతిని తొలిచి నన్ను చేశారు. ఆ కాలంలో అక్కడి యూదులు చనిపోయినవారిని ముందు గుహలో పడుకోబెట్టేవారు. ఏడాది తిరిగాక కొడుకు వచ్చి, ఎముకలు ఏరి, నాలాంటి పెట్టెలో సర్ది మూత పెట్టేవాడు. ఎంత దర్జాగా బతికిన మనిషికైనా చివరికి తొడ ఎముక పట్టేంత పొడవు చాలు. నా పొడవు అంతే.

నన్ను చెక్కించింది తబీతా. ఆమె భర్త రబ్బీ మత్తన్యా, అంటే ధర్మశాస్త్రం చెప్పే గురువు. పాపం, ఆయనకు నత్తి. శిష్యులు నిలవలేదు, పిల్లలు కలగలేదు. వీటన్నిటినీ మించిన దురదృష్టం ఇంకొకటుంది. అదే ఊళ్ళో, అదే పాఠశాలలో మరో రబ్బీ మత్తన్యా ఉండేవాడు. ఆయన యాయీరు కొడుకు, పాఠశాలకు పెద్ద. తబీతా భర్త గెర్షోము కొడుకు. తండ్రి పేరు చేర్చకుండా ఉత్తినే రబ్బీ మత్తన్యా అంటే ఊరంతటికీ ఆ పెద్దాయనే.

కొడుకు లేడు గనుక తబీతాయే గుహలోకి వచ్చి ఎముకలు ఏరింది. కాళ్ళవి అడుగున సర్దింది. దవడ ఎముకను మాత్రం అన్నిటికీ పైన, మూతకు దగ్గరగా పెట్టింది. దానికో కారణముంది. చనిపోయిన గురువు చెప్పిన మాటను ఆయన పేరుతో ఎవరైనా వల్లిస్తే, సమాధిలో ఆయన పెదవులు కదులుతాయని వాళ్ళ నమ్మకం. వేరే పేరుతో చెబితే కదలవు. తబీతా ఇక కోరుకున్నది అదొక్కటే, భర్త పెదవులు కదలడం.

తబీతా భర్త చెప్పినవాటిలో జనం నోట నిలిచింది ఒకే ఒక్క మాట. "దాహమని వచ్చినవాడికి ముందు నీళ్ళివ్వు. పేరడిగి ఇచ్చావంటే ఆ నీళ్ళు అమ్ముకున్నట్టే." పాఠశాలలో కుర్రాళ్ళు దాన్ని రోజూ వల్లించేవారు, రబ్బీ మత్తన్యా చెప్పాడంటూ. అది విని తబీతా ఉండబట్టలేక పాఠశాల గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ జరిగినదంతా తర్వాత నా మూతమీద చెయ్యి వేసి ఆమె చెప్పుకుంటే విన్నాను.

"అన్నగారూ, ఆ నీళ్ళ మాట మీది కాదు. మా ఆయనది. పొయ్యి దగ్గర కూచుని మొదట నాతోనే అన్నాడు" అందట.

పెద్దాయన మంచివాడు. వెంటనే శిష్యులవైపు తిరిగాడు. "మా చెల్లెమ్మ చెప్పింది నిజంరా. అది గెర్షోము కొడుకు మత్తన్యా మాట. ఇకమీదట ఆయన పేరుతోనే చెప్పండి."

శిష్యుల కళ్ళు చెమర్చాయి. "చూశారా మన గురువుగారి మనసు! ఆవిడ బాధ చూడలేక సొంత మాటను కూడా వదులుకుంటున్నారు!"

"వదులుకోవడమేంట్రా! అసలు నాది కాదంటుంటే!"

"ఆహా, ఎంత అణకువ!"

ఆయన కాదన్న కొద్దీ వాళ్ళ భక్తి పెరిగిపోయింది. అబద్ధాన్ని శంకించే మనుషుల గురించి విన్నాను గానీ, నిజాన్ని ఇంత గౌరవంగా తోసిపుచ్చినవాళ్ళ గురించి మళ్ళీ వినలేదు. ఆ రోజునుంచి నీళ్ళ మాటతోపాటు గురువుగారి వినయం కథ కూడా పాఠంలో చేరింది. ఇంకొన్నాళ్ళకు పెద్దాయన కూడా పోయాడు. ఇక కాదనేవాడే లేడు.

అప్పటినుంచి తబీతాయే గుహకు వచ్చేది. "గెర్షోము కొడుకు మత్తన్యా ఇలా చెప్పాడు" అని మొదలుపెట్టి, ఆ నీళ్ళ మాట మెల్లగా పలికేది. తర్వాత మూతకు చెవి ఆనించి ఊపిరి బిగబట్టేది. లోపల ఏ కదలికా లేదని నాకు తెలుసు. రాయిని కదా, నోరు విప్పి చెప్పలేను. చెప్పగలిగినా చెప్పేదాన్ని కాదు. ఒక్కోసారి ఆమె ఏదో వినిపించినట్టు నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఒక వానాకాలం తర్వాత ఆమె రాలేదు. ఆమె ఎముకలు ఎవరు ఏరారో, అసలు ఏరారో లేదో నాకు తెలియదు.

ఎన్ని తరాలు గడిచాయో. రోడ్డు కోసం కొండ తవ్వుతుంటే నేను బయటపడ్డాను. మత పెద్దలు వచ్చి ఎముకలను మర్యాదగానే తీసుకెళ్ళి ఎక్కడో మళ్ళీ పాతిపెట్టారు. ఖాళీ అయిన నన్ను మ్యూజియంలో పెట్టారు.

నిన్న గైడు అమ్మాయి జనానికి నన్ను చూపించింది. "ఇది గెర్షోము కొడుకు మత్తన్యాది, పేరు పక్కన చెక్కి ఉంది. నీళ్ళ మాట చెప్పిన గొప్ప మత్తన్యా కాదండి, ఈయన వేరు. ఈయన చెప్పిన మాట ఒక్కటి కూడా మనకు దొరకలేదు." అందరూ తలాడించి పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

ఒక ముసలావిడ మాత్రం ఎండదెబ్బకు కళ్ళు తిరిగి నా పక్కనున్న బెంచీమీద కూలబడింది. కాపలా అతను పరుగున వచ్చి తన సీసా ఆమె నోటికి అందించాడు. పేరు కూడా అడగలేదు. నీళ్ళు తాగి ఆమె తేరుకుంది.

నా పక్కన తబీతా ఉంటే, భర్త పెదవులు కదిలాయేమోనని వెంటనే మూతకు చెవి ఆనించేది. కానీ ఆ దవడ ఎముక ఇప్పుడు నాలో లేదు.