గుమ్మానికి వేలాడే ఎర్రగుడ్డ

మధ్యాహ్నం కాగానే మా ఆవిరిస్నానాల హమ్మాం గుమ్మానికి ఎర్రగుడ్డ వేలాడదీస్తాను. అది ఉన్నంతసేపూ లోపల ఆడవాళ్ళు స్నానాలు చేస్తున్నారని అర్థం. మా ట్యూనిస్‌లో ఏ మగాడూ ఆ ఛాయలకు రాడు.

ఆరోజు నేను పెళ్ళికూతురి వీపు రుద్దుతుంటే, ఆవిరిలోంచి ఒక ఇంగ్లీషాయన ఊడిపడ్డాడు. అందరం కెవ్వుమన్నాం.

"సిగ్గులేదటయ్యా? ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"హోటల్లో నూరి చెప్పాడండీ," అన్నాడు. "మొలకు గుడ్డ లేకుండా మాత్రం లోపలికి వెళ్ళొద్దన్నాడు. చుట్టుకునే వచ్చాను."

నూరి నా తమ్ముడే. విదేశీయులకు సలహాలు చెప్పడం వాడి ఉద్యోగం. వాడి నోరు పడిపోను!

అప్పుడు చూశాను ఆయన నడుము వైపు. అక్కడున్నది నా ఎర్రగుడ్డ.

గుమ్మం వైపు పరుగెత్తాను.

"ఇవాళ ఆడవాళ్ళు తొందరగానే తెమిలారే!" అంటూ, చొక్కా విప్పుకుంటూ, మా మామగారు ఎదురొచ్చారు.