అంజవ్వ జవాబు

పీహెచ్‌డీ ప్రవేశ పరీక్షలో పరిశోధనా పద్ధతుల పేపరే రామ్‌దాస్‌ను రెండుసార్లు ముంచింది. సమాజశాస్త్రం కంఠతా వచ్చు. మనుషుల్ని ఎలా అడగాలి, చెప్పింది ఎలా రాసుకోవాలి అన్నచోటే బోల్తా పడ్డాడు. వయసు ముప్పయికి దగ్గరపడింది. ఈసారీ పోతే బోధన్ పోయి చెరకు బండ్ల దగ్గర కూలి చేసుకోవడమే గతి.

నీళ్లలో దిగకుండా ఈత వస్తుందా! అందుకని నిజామాబాద్‌లో తమ వాడకట్టు బీడీ ఆడవాళ్ల ఆరోగ్యం మీద ప్రశ్నలు తయారుచేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. దగ్గుందా? లేదు. ఆయాసం? లేదు. అందరూ గుండ్రాయిలా ఉన్నారట! పిచ్చివాడు సంబరపడ్డాడు. కలం పట్టుకున్నవాడి ముందు ఆ వాడలో ఎవరూ రోగం ఒప్పుకోరు. ఛాతీ జబ్బని, బీడీల పని ఇచ్చే టేకేదారు చెవిన పడితే మర్నాటి నుంచే ఆకూ తంబాకూ బంద్, పని పోయినట్టే. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చూస్తున్న సంగతే, పుస్తకం చేతికొచ్చాక మరిచిపోయాడు.

చివరికి తల్లి ముందు కూర్చున్నాడు. అంజవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"దగ్గు ఉందా?" అన్నాడు పుస్తకం భాషలో.

"ఎవలకు?"

"మీకే."

ఎప్పుడూ 'అవ్వా' అని పిలిచే కన్నతల్లిని పట్టుకుని 'మీరు'! అంజవ్వ చెయ్యి ఆగింది. కలం వంక చూసింది.

"లేదు. మంచిగున్న."

అతడు రాసుకున్నాడు. గోడవతల ఆమె దగ్గడం విననివాడేం కాదు. తంబాకు దుమ్ముకు దగ్గని ఇల్లుందా అని సర్దిచెప్పుకున్నాడు. పైగా జవాబులో సొంత మాట కలపొద్దని పుస్తకం చెప్పింది. ఆ తర్వాత దగ్గు వినిపించడమే మానేసింది. హమ్మయ్య అనుకుని నిమ్మళంగా చదువుకున్నాడు.

హైదరాబాద్‌లో పరీక్ష. రోగులు జబ్బు దాస్తే నిజం ఎలా తెలుసుకుంటావని ప్రశ్న. అడగడం ఒక్కటే చాలదు, కళ్లతో చూడాలి అని రాస్తూ రాస్తూ ఆగిపోయాడు. అవ్వ ఈమధ్య వేరుగా కూర్చుని తింటోంది. తన గిన్నె తనే తోముకుని పక్కన బోర్లిస్తోంది. రవిక భుజాల మీంచి జారుతోంది. అన్నీ ఆ ఛాతీ జబ్బు గుర్తులే. లేచి పోదామనుకున్నాడు, పోలేదు. అవ్వ గిన్నెతో సహా అన్నీ జవాబులో రాసి, గంట కొట్టాకే లేచాడు. సిగ్గు లేదా అంటే ఉంది. సీటు మీద ఆశ అంతకంటే పెద్దది.

ఇంటికి రాగానే అడిగాడు. "అవ్వా, దగ్గితే రక్తం పడుతున్నదా?"

"పడుతున్నది బిడ్డా," అంది అంజవ్వ, అడగడమే ఆలస్యమన్నట్టు.

ఆసుపత్రిలో డాక్టర్ ఎక్స్‌రే చూసి, ఇన్నాళ్లు ఏం చేశారని కసిరాడు. క్షయ రెండు ఊపిరితిత్తులూ తినేసిందట. మందులు రాస్తాను గానీ ఆశ పెట్టుకోవద్దన్నాడు.

బయట బెంచీ మీద తల్లిని కూర్చోబెట్టి రామ్‌దాస్ భోరుమన్నాడు. "నా ముందట గూడ దాస్తివేందే అవ్వా? టేకేదారుకు చెప్తననుకున్నవా?"

"అట్లెందుకనుకుంట బిడ్డా! ఆనాడు అలవాటుగ నోట్లెకెల్లి అచ్చింది. తెల్లారి చెప్దామనుకున్న. గని నువ్వు అప్పటికే రాసుకున్నవ్. ఎనుకకెల్లి మాట మారిస్తే నీ పరీక్ష పోతదేమోనని, కొంగు నోట్ల కుక్కుకొని దగ్గిన." ఆమె కొడుకు కళ్లు తుడిచింది. "ఇగ అయిపోయింది గద పరీక్ష. ఇప్పుడు దగ్గితే ఏం గాదు గద?"