రోజుకొక్క భయం

మా బుజ్జికి నలభై రెండేళ్ళు వచ్చినా, దగ్గితే నిమోనియా అనీ, ఇంటికి రావడం ఆలస్యమైతే బస్సు గుద్దిందనీ నేను హడలిపోయేదాన్ని. విసుగెత్తి ఒకరోజు షరతు పెట్టింది.

"అమ్మా, రోజుకి ఒక్క భయం. ఒక్కటే. రెండోది నోట్లోంచి వచ్చిందో, ఆ రోజంతా నీతో పచ్చి, మాట్లాడను!"

"మరి రెండోదే నిజమైతేనో?"

"మర్నాటి కోటాలో చెప్పు తల్లీ."

ఇద్దరం నవ్వుకున్నాం. షరతుకు ఒప్పుకున్నాను. నా కొంప ముంచింది అదే.

బుజ్జి ఆడవాళ్ళకు జుట్టు కత్తిరించే దుకాణంలో పనిచేసేది. పొద్దస్తమానం నిలబడే ఉండాలి. మాది మూడో అంతస్తు. ఆ మధ్య రెండో అంతస్తు మలుపులో ఆగి, సంచిలో తాళంచెవి వెతకడం మొదలుపెట్టింది. పైన నేను తలుపు తీసి నిలబడి ఉంటే తాళంచెవి దేనికి? అడిగాను.

"వయసమ్మా, వయసు. నీకే వస్తుందా?" అంది ఆయాసంగా.

ఇంకోరోజు చూస్తే ఒక దిండు మూడు దిండ్లయింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదా అంటే, ఫోన్ చూసుకోవడానికి వీలుగా ఉంటుందంది. మరో వారం ఎడమ దవడ లాగుతోందంది. పన్ను పుచ్చిందేమోనని పళ్ళ డాక్టరు దగ్గరికి తరిమింది నేనే. పళ్ళు నిక్షేపంలా ఉన్నాయన్నాడట.

"చూశావా, నీ మాట విని ఒక పూట సెలవు దండగ!"

ఆ పొద్దున వాన. అలవాటుకొద్దీ నోరు జారాను. "గొడుగు పట్టుకెళ్ళు. మెట్లు తడిగా ఉన్నాయి, పడితే నడుం విరుగుతుంది."

"అయిపోయింది ఈరోజు కోటా" అంటూ చెప్పులు తొడుక్కోవడానికి వంగింది.

పట్టీ ఎప్పుడూ పెట్టే కన్నానికి అందలేదు. చిట్టచివరి కన్నానికి లాగి పెట్టింది. నిన్నటి పట్టీ అచ్చు చీలమండ మీద ఇంకా గాడిలా ఉంది. లేచేసరికి ముఖం పాలిపోయింది. అంత చలిలోనూ నుదుటి మీద చెమట. మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రేపు లేవగానే ఇదే చెబుదామనుకున్నాను.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

ఆసుపత్రి వరండాలో ఒకామె కూర్చుని ఉంది. మెడకు దుకాణం గుడ్డ ఇంకా కట్టే ఉంది. జుట్టు ఒకవైపు పొట్టి, ఒకవైపు పొడుగు.

"'ఒక్క నిమిషం కూర్చుంటానక్కా' అందండీ" అని ఏడ్చింది. "మళ్ళీ లేవలేదు."

లోపల డాక్టరమ్మ మెల్లగా చెప్పింది, గుండె ఆగిపోయిందని. "ఇంతకుముందు ఏమైనా గమనించారామ్మా?" అని అడిగింది.

మెట్లు, దిండ్లు, దవడ, చెప్పు పట్టీ, చెమట. మొదటిసారి అన్నీ ఒక్క గుక్కలో చెప్పాను. ఆమె చేతిలో కలం ఆగిపోయింది.

"ఇవన్నీ కలిపి ఎవరికైనా చెప్పారా?"

"లేదు తల్లీ. రోజుకొకటి చెప్పాను."

బుజ్జి దగ్గరికి తీసుకెళ్ళారు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. పట్టీ ఊడదీసి, అచ్చు పక్కన బొటనవేలితో నొక్కాను. గుంట పడింది. అది నిండుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.