మబ్బుకు అందని బండి

పంకజాక్షి పొద్దున్నే పళ్ళు తోముకునే వేళకు ఓబయ్య వీధిలో పోతూ పోతూ ఒక కేక వేసేవాడు. "మునిరామయ్యా, ఈ పొద్దు పాపను మా ఎగువ చేనికి పంపించప్పా." ఆమె తండ్రి మునిరామయ్య లోపలినించే ఊఁ అనేవాడు. పంకజాక్షి మొహం కడుక్కుని, సంగటి ముద్ద తిని, గొడుగు తీసుకుని బయల్దేరేది. ఆమె వెనకే ఆమె మబ్బు.

కార్వేటినగరానికి ఆమడ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో ఇది అందరికీ అలవాటైన సంగతి. పంకజాక్షి పుట్టినప్పుడే మబ్బూ పుట్టింది. మొదట్లో చాటంత ఉండేది. ఉయ్యాల మీద నిలబడి రోజుకు గిద్దెడు నీళ్ళు కురిసేది. పిల్లతో పాటే పెరిగి, ఆమెకు ఇరవై రెండేళ్ళు నిండేటప్పటికి ఎకరా చేను తడిపేంత అయింది. ఆమె ఒకచోట అరగంట కూర్చుంటే చినుకు మొదలవుతుంది. మునిరామయ్య ఇంటికి ఏటా రెండుసార్లు పెంకులు సర్దాలి, అంతే తేడా.

వానల్లేని సీమలో అలాంటి మబ్బును ఎవరు ఊరికే వదులుతారు? భూములున్న ఇళ్ళకు వంతులు వేశారు. వంతు వచ్చిన చేని గట్టు మీద పంకజాక్షి కూర్చోవాలి, సాళ్ళు నిండిందాకా లేవకూడదు. వంతులు రాసేది ఓబయ్య. చెరుకూ మామిడితోటలూ ఆయనవే కాబట్టి వారానికి రెండు వంతులు ఆయనవే. గుట్ట వైపు పల్లంలో ఉన్న దిగువ వాడ వాళ్ళ చెలకలకు వంతే లేదు. ఆమెను ఎవరూ తక్కువ చెయ్యలేదు. మధ్యాహ్నానికి శెనక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడితో అన్నం తెచ్చేవాళ్ళు, పండగకు చీర పెట్టేవాళ్ళు. అడగడం ఒక్కటే ఎవరికీ తోచలేదు. ఈమధ్య ఓబయ్య తన మేనల్లుడికి ఆమెను చేసుకుంటే మబ్బు ఊరు దాటదని నలుగురిలో అంటున్నాడు. నలుగురూ తలూపుతున్నారు. మునిరామయ్య కూడా.

పంకజాక్షి మాత్రం తలూపలేదు. పుత్తూరులో ఇంటరు చదివిన పిల్ల. ఎవరికీ చెప్పకుండా రేణిగుంట దగ్గర ఒక నూలు మిల్లుకు అర్జీ పెట్టింది. రమ్మని కార్డు వస్తే పోయింది. మేనేజరు ఆమె రాత చూశాడు, లెక్కలడిగాడు, మెచ్చుకున్నాడు. తర్వాత కిటికీలోంచి ముంగిలి తడుస్తుండడం చూసి పెన్ను కింద పెట్టాడు.

"మా సరుకు నూలమ్మా. చెమ్మ తగిలితే బూజు పడుతుంది. మబ్బు లేకుండా వస్తే ఉద్యోగం నీదే. ఒకటో తేదీ వరకూ చూస్తాను."

తిరుగు బస్సులో ఆమె వెనక కిటికీలోంచి మబ్బును చూస్తూ కూర్చుంది. అది బస్సు వెంట పడి వస్తోంది. బస్సు స్టాపు స్టాపుకూ నిలుస్తుంది, నిలిచినప్పుడల్లా అది అందుకుంటుంది. అప్పుడు ఆమెకు తన పదో ఏట జరిగిన సంగతి గుర్తొచ్చింది. తేలు కుడితే ఎవరిదో జీపులో వేసుకుని పుత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. జీపు ఎక్కడా నిలవలేదు. పుత్తూరుకు ముందు గుట్ట మలుపు దగ్గర మబ్బుకు జీపు కనబడకుండా పోయింది. అది అక్కడే నిలబడిపోయింది. మూడురోజుల తర్వాత ఆమె తిరిగి వచ్చేటప్పుడు అదే మలుపులో, దారి తప్పిన దూడలాగా ఎదురుచూస్తూ ఉంది.

అంటే దాని కంటికి కనబడకుండా పోతే చాలు. ఎక్కడా నిలవకుండా, ఆ మలుపు దాకా, దానికంటే జోరుగా.

మరుసటి వారం తన కమ్మలు అమ్మేసి తిరుపతిలో రేణిగుంట రోడ్డు మీదున్న జయరామ్ షెడ్డుకు పోయింది. పాత మోటారు సైకిళ్ళు బాగుచేసి అమ్మే మనిషి. రేకుల మీద చినుకులు పడగానే ఆయన బయటున్న బండ్లు లోపలికి నెట్టుకుని, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"బండి ఎవరికమ్మా?"

"నాకే."

జయరామ్ ఆమెను చూశాడు, పైకి చూశాడు. "అది ఎంత జోరుగా వస్తాది?"

"బస్సంత. దానికి కనపడకుండా పోవాల నేను."

ఆయన నవ్వలేదు. గోడవారనున్న మోపెడ్డు చూపించి, "ఇది కొన్నావంటే అదే నీకంటే ముందు పోయి కూర్చుంటాది" అన్నాడు. స్కూటరు దగ్గర ఆగి, చిన్న చక్రాలు తడి రోడ్డు మీద జారతాయన్నాడు. పెద్ద బుల్లెట్టును నేల మీద మెల్లగా పడుకోబెట్టి లేపమన్నాడు. పంకజాక్షి మూడుసార్లు పట్టి చూసింది. లేవలేదు.

"నువ్వు లేపలేని బండి కొనబాక. పడకుండా ఎవురూ నేర్సుకోరు."

ఆమె కన్ను మాత్రం మూలనున్న కొత్తరకం బండి మీద పడింది. రెండు సిలిండర్లది, నిలబెట్టినా ఉరకబోతున్నట్టు ఉంది. "అది?"

"అదొద్దు. దానికి శానా పొగరు. ముందు బండిగా కొంటే నువ్వు దాన్ని తోలవు, అది నిన్ను తోలతాది." ఆయన ఒక గోనెసంచి తీశాడు. కింద ఎర్రటి యెజ్డీ రోడ్‌కింగ్, ఇరుపక్కలా రెండు సైలెన్సర్లతో. ఒక డాక్టరు దగ్గర కొన్నాడట. "ఎక్కి కూర్చో. రెండు పాదాలూ నేలకానినాయా? ఇది నీకు సరిపోతాది. జోరూ ఉండాది, మాటా వింటాది."

పంకజాక్షి దాన్ని పడుకోబెట్టి లేపింది. ఒకసారికే లేచింది.

ఇరవై రోజులు పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు పోతూ నేర్చుకుంది. గట్టు మీద వంతులు తప్పాయి. కుట్టుపని నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పింది; పెళ్ళికి ముందు నేర్చుకోనీలే అని ఓబయ్య కూడా ఊరుకున్నాడు. నాట్లు వేసే ఆడవాళ్ళలాగా చీర గోచీ పోసి కట్టుకుని, షెడ్డు వెనక బయలు నేలలో బండి తోలేది. పైన మబ్బు కురుస్తూనే ఉండేది. బురదలో నాలుగుసార్లు పడింది. మోచేయి గీరుకుపోయింది. జయరామ్ ముందు నేర్పింది బ్రేకులు. "నిలపడం వచ్చినాకనే ఉరకాల" అనేవాడు. ఆమె నాలుగోసారి పడి లేచాక మాత్రం, "ఎండలో నేర్సుకున్నోడికి వానంటే భయం. నీకు ఆ భయం రాదులే" అన్నాడు.

తోలడం సగమే, మిగిలిన సగం సాకడం అని ఆయన మాట. ఆమె బండి ఎప్పుడూ వానలో ఉండేదే కనక ఇంకా ఎక్కువ సాకాలి. గొలుసును వారానికోసారి కిరసనాయిలుతో కడిగి గ్రీజు పుయ్యాలి, లేకపోతే తుప్పు తినేస్తుంది. రెండువేళ్ళంత వదులుండాలి, ఎక్కువైతే జారుతుంది, తక్కువైతే తెగుతుంది. ప్లగ్గు మూత మీద పాత సైకిలు ట్యూబు ముక్క తొడగాలి. కార్బరేటరు అడుగు గిన్నెలో నీళ్ళు చేరితే మర విప్పి ఒంపెయ్యాలి. పెట్రోల్లో ఆయిలు కొలిచి పొయ్యాలి, కంటికొలత పనికిరాదు. ఆమె ఇవన్నీ తన చేత్తో చేసేదాకా ఆయన బండి ఇవ్వలేదు.

ఒకటో తేదీకి ముందు సాయంత్రం ఆమె ఎర్రబండి మీద ఊళ్ళోకి వచ్చింది. రచ్చబండ మీదివాళ్ళు మెడలు తిప్పి చూశారు. మునిరామయ్య వాకిట్లోకి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఆడపిల్లవు. ఇదేం పనిమే?"

"రేపట్నించి రేణిగుంటలో పని నాయనా. సాయంత్రానికి ఇంటికొస్తా."

"ఓబయ్యకు ఏం జెప్పేది?"

"ఆయనకు చెప్పేది ఏముండాది?"

మర్నాడు ఊరు దాటగానే గేర్లు మార్చి గాలిలా దూసుకుపోయింది. అద్దంలో మబ్బు కిందామీదా పడి ఉరికి వస్తోంది. గుట్ట దగ్గర మలుపు తిరిగింది. అద్దంలో గుట్ట కనబడింది, దాని పైన ఆకాశం కనబడింది. మబ్బు లేదు. వడమాలపేట దాటేసరికి భుజాల మీద ఎండ కాసింది. పంకజాక్షి ఎండకు అంత బరువుంటుందని అనుకోలేదు. మిల్లు గేటు దగ్గర మేనేజరు ఆకాశం చూసి, రిజిస్టరు ఆమె ముందుకు జరిపాడు.

ఆ మలుపులో అక్కమ్మ అనే ముసలావిడ ఉంది. మొగుడు పోయినాక రోడ్డు పనికి రాళ్ళు కొట్టి బతికింది. సర్కారు ఆమెకు గుట్ట కింద అరెకరా పట్టా ఇచ్చింది. ముళ్ళచెట్లు తప్ప ఏమీ మొలవని రాతినేల. ఇప్పుడు పంకజాక్షి పోయినప్పట్నించి సాయంత్రం తిరిగి వచ్చేదాకా మబ్బు ఆ అరెకరా మీదే నిలబడింది. అక్కమ్మ రాళ్ళు ఏరింది, దిగువ వాడలో బతిమాలి విత్తనం తెచ్చింది, శెనక్కాయ వేసింది. సాయంత్రం బండి మలుపు తిరగగానే మబ్బు కదిలి వెంట వచ్చేది. అక్కమ్మ పైకి చూసి, "రేప్పొద్దున తొందరగా రా తల్లీ" అని దానికి చెప్పేది, పక్కింటి మనిషికి చెప్పినట్టు.

రెండు నెలలు తిరక్కుండానే ఓబయ్య మునిరామయ్యను రచ్చబండ దగ్గరికి పిలిపించాడు. పంకజాక్షి కూడా పోయింది. పిలవకుండానే.

"చెరుకు ఎండిపోతా ఉండాది. నీ బిడ్డ మా నోట్లో మన్ను కొడతా ఉండాది" అన్నాడు ఓబయ్య. మునిరామయ్య నేలచూపులు చూశాడు.

పంకజాక్షి ముందుకొచ్చింది. "ఆదివారాలు నేను ఊళ్ళోనే ఉంటా. గట్టు మీద కూర్చుంటా. దిగువ వాడకు గూడా వంతు రాయాల. నాకు కూలి ఇయ్యాల."

"వానకు కూలా? యాడన్నా విన్నారా?"

"వానకు గాదు మామా. కూర్చున్నందుకు. పదేళ్ళు ఊరికే కూర్చుంటి."

"బండి అమ్మేస్తావా లేదా, ఒకటే మాట."

"అమ్మను."

మర్నాడు ఆమె బండి రచ్చబండ దాకా పోయి దగ్గి దగ్గి ఆగిపోయింది. కిక్కు కొట్టింది, పలకలేదు. పెట్రోలు గొట్టం ఊడదీస్తే చుక్కలు చుక్కలుగా వచ్చింది. మూత తీసి వంగి చూస్తే ట్యాంకు అడుగున ఇసక. ఎవరో తెల్లారేలోపల గుప్పెళ్ళతో పోశారు. రచ్చబండ మీద ఓబయ్య, ఇంకో ఆరుగురు కూర్చుని చూస్తున్నారు. ఎవరూ లేవలేదు. మబ్బు తాపీగా వచ్చి నడినెత్తిన నిలబడింది. చినుకు మొదలైంది.

పంకజాక్షి సీటు కింది సంచిలోంచి పానాలు తీసింది. మరలు విప్పి ట్యాంకు కిందికి దించింది. వాన అందులో పడితే ఇక ఆ పొద్దుకు అంతే. ఆమె ట్యాంకు మీదికి వంగి వీపు అడ్డం పెట్టింది. అయినా నీళ్ళు జారుతున్నాయి.

అప్పుడు వాన ఆగినట్టయింది. తలెత్తితే మునిరామయ్య. ఇంట్లో వడ్లబస్తాలకు కప్పే పట్టా తెచ్చి, రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. రచ్చబండ వైపు చూడలేదు.

"కానీ" అన్నాడు.

ఆమె పెట్రోలు గిన్నెలోకి ఒంపింది. ఇంకాస్త పెట్రోలు పోసి ట్యాంకును కుదిపి కుదిపి మూడుసార్లు కడిగింది. ఒంపిన దాన్ని చీరకొంగు నాలుగు మడతలు పెట్టి వడకట్టింది. కార్బరేటరు విప్పి, సూదిబెజ్జమంత జెట్టులో నోటితో ఊది, వెలుతురుకు పెట్టి చూసి, మళ్ళీ ఊదింది. నోరంతా పెట్రోలు. ప్లగ్గు తీసి తుడిచింది. గంట పట్టింది. ఆ గంటసేపూ మునిరామయ్య చేతులు దించలేదు. పట్టా మీదినించి నీళ్ళు ఆయన మెడ మీదుగా ధారకట్టాయి.

"నాయనా, చేతులు గుంజడంల్యా?"

"ఇన్నాళ్ళూ నిన్ను తడవనిస్తిని గదమ్మా" అన్నాడు ఆయన. "నువ్వు బిగించు."

రెండో కిక్కుకు బండి పలికింది. పంకజాక్షి ఓబయ్య ముందునించే తోలుకుపోయింది, మెల్లగా, అందరూ చూసేలాగా. వీధి దాటాక జోరు పెంచింది.

ఆ సాయంత్రం మలుపు తిరిగి, మబ్బు కదులుతుందని అద్దంలో చూసింది. కదల్లేదు. బండి ఆపి దిగింది. అక్కమ్మ చేలో శెనక్కాయ పూత మీద ఉంది, కాయ కట్టడానికి ఊడలు నేలలోకి దిగే అదను. మబ్బు ఆ చేని మీద కిందికి వాలి సన్నగా కురుస్తోంది. అక్కమ్మ తలమీద చాట పెట్టుకుని గడ్డి పీకుతూ దాంతో ఏదో మాట్లాడుతోంది.

"ఇది రానంటా ఉండాదమ్మా" అంది అక్కమ్మ, తప్పు చేసినట్టు. "నేను పట్టుకోలేదు."

పంకజాక్షి చెయ్యి చాపి ఆ చినుకులు పట్టింది. ఇరవై రెండేళ్ళ తోడు. వంతులు రాసినవాళ్ళు తనను అడగలేదు. దాన్ని మాత్రం ఎవరు అడిగారు, తనతో సహా?

"ఉండనీ అవ్వా. దాని ఇష్టం" అంది.

సంగతి తెలిసి మూడోనాడు పొద్దున ఓబయ్య ఎద్దులబండి కట్టించుకుని మలుపు దగ్గరికి వచ్చాడు. పంకజాక్షి పనికి పోతూ ఆగింది. ఓబయ్య చెప్పులు రోడ్డు మీదే విడిచి, చేనిగట్టు దగ్గర నిలబడి, చేతులు కట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఎవరినైనా అడగడం ఆమె చూడ్డం అదే మొదలు.

"అక్కమ్మా, మా ఎగువ చేనికాడ నీకు పెంకుటిల్లు కట్టిస్తా. తిండీ గుడ్డా నావి. బండెక్కు."

అక్కమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడింది. రాళ్ళు కొట్టిన చేతులు, వానకు తడిసి నల్లగా మెరుస్తున్నాయి.

"నేను యాడికీ రాను సామీ. ఇది నా చేను. అంతగా కావాలంటే మీ చేలనే ఈడికి తోలుకోని రాండి."

ఎద్దులు తలలు విదిల్చాయి. అక్కమ్మ చేలో నిండిన నీళ్ళు గట్టు దాటి, పల్లానికి, దిగువ వాడ చెలకల వైపు పాయగా పోతున్నాయి. ఓబయ్య కాళ్ళ పక్కనించే పోతున్నాయి.

పంకజాక్షి కిక్కు కొట్టింది. ముందు రోడ్డంతా తెల్లటి ఎండ. వెనక ఆమెను తరిమేది ఏదీ లేదు, ఉరకాల్సిన పనీ లేదు.

అయినా నాలుగో గేరు వేసింది.