చొక్కా మడిచే చోట వన్స్ మోర్

నిన్న సాయంత్రం తన నాటికను నవ్వులపాలు చేసిన కుర్రాళ్ళు హాల్లోకి వచ్చింది తన బృందం పాసుల మీదేనని, వెనక వరుస కుర్చీల కింద పడి ఉన్న చింపిన ముక్కలు ఏరి చూశాక నవతకు అర్థమైంది.

ఒకటి కాదు, గుప్పెడు. అన్నిటి మీదా ఆమె స్వయంగా కొట్టిన ఊదారంగు ముద్రే.

చిక్కడపల్లిలోని ఆ హాలు ఊడ్చే కురుమమ్మ చీపురు ఆపింది. "ఏందమ్మా, ఏమన్న పోయిందా?"

"పోలేదు కురుమమ్మా. దొరికింది," అంది నవత.

రాత్రంతా ఆమె అనుమానం పోటీలో ఉన్న అవతలి బృందం మీదే తిరిగింది. ఇప్పుడది సొంత గుమ్మంలోకి వచ్చి కూర్చుంది. ఆ పాసులు ఆమె ఇచ్చింది ముగ్గురికే. తండ్రి పాత్ర వేసిన శ్రీరామమూర్తి, కోడలి పాత్ర వేసిన స్వరూప, లైట్లు చూసే ఎల్లేశం.

ఉద్యమపు సమ్మె రోజులు గడిచి ఊరు కుదుటపడుతున్న ఆ 2011 డిసెంబరులో, వాయిదా పడిన నాటిక పోటీలు మొదలయ్యాయి. నవత దర్శకత్వం వహించిన నాటిక ప్రాణమంతా ఒక్క ఘట్టంలో ఉంది. కొడుకు పోయిన తండ్రి వాడి చొక్కా మడిచి పెట్టెలో పెడతాడు. మాట ఉండదు, సంగీతం ఉండదు. సరిగ్గా అక్కడ వెనకనుంచి "వన్స్ మోర్!" అని కేక. వెంటనే ఈలలు. పద్యనాటకంలో రాగం తీసి ముగించిన నటుడికి పడాల్సిన కేక, చొక్కా మడిచే ముసలాయనకు పడేసరికి హాలంతా గొల్లుమంది. ఆ తర్వాత నాటిక మళ్ళీ లేవలేదు.

నిర్వాహకులు రాత్రే జాలిపడి ఆదివారం ఇంకోసారి ఆడుకోమన్నారు. అప్పుడూ అల్లరి జరిగితే మాత్రం ఆ వేదిక మీద ఈ బృందానికి ఇక చోటు లేదని తేల్చేశారు. ఆడేదీ లేనిదీ ఈ సాయంత్రంలోగా చెప్పాలి. ముగ్గురిలో ఎవరో తెలియకుండా ఎవర్ని నమ్మి తెర ఎత్తాలి?

"కురుమమ్మా, నిన్న వెనక కూసున్నోళ్ళు ఎవరో ఎరుకనా?"

"అశోక్‌నగర్ హాస్టల్ పోరగాండ్లు. బ్యాగులేసుకొనే వచ్చిన్రు. మీ ఆట నడుస్తుంటే సెల్‌ఫోన్ లైటుల పుస్తకాలు గూడ చదువుకున్నరు."

అంటే గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు. నవత తిన్నగా వాళ్ళు చదువుకునే గ్రంథాలయం ముందున్న చాయ్ బండి దగ్గరికి వెళ్ళింది. ఆమెను చూడగానే ఒక యువకుడు గ్లాసు వెనక మొహం దాచుకోబోయాడు. అతన్ని ప్రేమ్‌సాగర్ అని పక్కవాళ్ళే పేరు పెట్టి పిలిచి పట్టిచ్చారు.

"అన్నా, నిన్న నాటకానికి వచ్చినవ్ కదా?"

"వచ్చిన అక్కా. మస్తుండె. మా రూమోనికైతే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్."

"నీళ్ళొస్తే ఈలెట్ల కొట్టిన్రు?"

"ఈల ముందే మాట్లాడుకున్నది అక్కా. నీళ్ళు మధ్యల వచ్చినయ్."

పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. నవత నవ్వలేదు. "ఎవరు మాట్లాడిన్రు?"

"పేరు చెప్పనని ఒట్టేసిన. బిర్యానీ గూడ తిన్నం. ఇప్పుడు చెప్తే బాగుంటదా, నువ్వే చెప్పు."

"పేరొద్దు. ఎప్పుడు అరవమన్నరు, అదన్న చెప్పు."

ప్రేమ్‌సాగర్ అటూ ఇటూ చూశాడు. ఆ మాటకు ఒట్టు లేదని తేల్చుకున్నట్టున్నాడు. "స్టేజి మీద నీలం లైటు పడంగనే."

నీలం లైటు వేసేది ఎల్లేశం. లైట్లు సగానికి తగ్గించమన్నందుకు వారం రోజులు ఆమెతో మాట్లాడని ఎల్లేశం.

నారాయణగూడలో ఒక కొట్టు మీది గదిని రిహార్సళ్ళకు వాడుకుంటారు. ఎల్లేశం అక్కడే నేల మీద కూర్చుని వైర్లు చుడుతున్నాడు. నవత పాసు ముక్కలు అతని ముందు పడేసింది. అతను వాటిని చూశాడు, ఆమెను చూశాడు, వైరు చుట్టడం ఆపలేదు.

"నా మీద అనుమానమా అక్కా? సక్కగ అడుగు."

"నీలం లైటు పడంగనే అరవమన్నరట. లైటు నీ చేతిల ఉంటది."

"నా చేతిల ఉంటది. కని నా ఇష్టమొచ్చినప్పుడు ఏస్తనా? శ్రీరామమూర్తి సారు చొక్కా రెండో చెయ్యి మడవంగనే ఏస్త. ఆయనెన్క నా లైటు పోతది, నా లైటెన్క ఆయన రాడు. ఆట చెడగొట్టాల్నంటే నాకు కేకలెందుకు, ఫ్యూజు పీకుత కదా!"

"మరి నీ పాసులు?"

"మా గల్లీల పంచిన. స్వరూపక్క గూడ తనయి నాకే ఇచ్చింది, వాళ్ళింట్ల ఎవరు నాటకాలకు రారని. పొయ్యి అడుగుకో మా గల్లీల." అతను చుట్టిన వైరును మూలకు విసిరాడు. అది కోపమో, దొంగ నటనో నవతకు తేలలేదు. స్వరూపకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అది కూడా అనుమానమే అయింది.

నవ్వులపాలైన శ్రీరామమూర్తిని అనుమానించడానికి మనసొప్పలేదు. అడగదగ్గవాళ్ళలో ఇంకొకరు మిగిలారు. కిషన్ రావు. రిటైరైన లెక్చరర్, పోటీలకు సమీక్షకుడు. ప్రతి నాటిక అయ్యాక వేదికెక్కి మంచీ చెడ్డా విప్పి చెప్పడం ఆయన పని. నిన్న మాత్రం మైకు అందుకుని, "దీని మీద ఇయ్యాల మాట్లాడను" అని దిగిపోయాడు. ఏం తెలిసి దిగిపోయాడు?

ఫ్లైఓవర్ పక్కన ఇరానీ హోటల్లో ఆయన దొరికాడు.

"సార్, నిన్నెందుకు మాట్లాడలేదు?"

"మాట్లాడితే ఒక మనిషి ఇజ్జత్ పోతుండె."

"నాదా?"

"నీది పోయేది పోనే పోయింది గదమ్మా," అని నవ్వి, వెంటనే ఆ నవ్వు మింగేశాడు. "కూసో. నాటకం చూసేటప్పుడు నేను మొదలు అడిగేది ఒకటే. ఇది ఏ పద్ధతి ఆట, తన పద్ధతికి తాను కట్టుబడ్డదా? పద్యనాటకం సహజంగ లేదని తిట్టొద్దు. అండ్ల నటుడు జనం దిక్కే నిలవడ్తడు. వాళ్ళ కేకకు జాగ ఇడిచిపెడ్తడు. అది దాని కట్టుబాటు. నీ నాటికల తండ్రికి ఎదురుంగ గోడ ఉన్నది. ఆయనకు జనం లేరు."

"ఆ కేక పడంగనే గోడ కూలింది సార్."

"కేకకు ముందే కూలింది." కిషన్ రావు గొంతు తగ్గించాడు. "అప్పటిదాకా పక్కకు తిరిగి చొక్కా మడుస్తున్న మనిషి, జనం దిక్కు తిరిగిండు. ఛాతి ఇడిచిండు. గడ్డం లేపి ఆగిండు. రాగం ముగించినోడు నిలవడే తీరు అది. నీలం లైటు ఆయన మొఖం మీద నిండుగ పడ్డది. కేక ఆ తర్వాత వచ్చింది. వస్తరని తెల్వకుండ చుట్టాలకు ఎవరన్న ముందే కుర్చీలేస్తరా?"

నవత చాయ్ తాకకుండానే లేచింది. వేదిక పక్క వింగులోంచి ఆమె కూడా చూసింది ఆ తిరగడాన్ని. వయసు మీద పడి పొరబడ్డాడనుకుంది. పైగా అందరికంటే ఎక్కువ జాలిపడింది ఆయన మీదే.

చిక్కడపల్లి సందులో శ్రీరామమూర్తి ఇంటి తలుపు ఆయన భార్య తీసింది. "బీపీ పెరిగింది బిడ్డా, రాత్రి సంది ఎవరితోని మాట్లాడ్తలేడు."

ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నవతను చూసి లేవబోయాడు. ఆమె కూర్చోమనలేదు, తనూ కూర్చోలేదు.

"బాబాయ్, కేక రాకముందే జనం దిక్కు ఎందుకు తిరిగిన్రు?"

శ్రీరామమూర్తి చేతిలోని ఫోను మంచం మీద పెట్టాడు.

"తిరిగిననా? నాకు తెల్వనే తెల్వదు బిడ్డా, ఒళ్ళే తిరిగినట్టున్నది. నేనే పిలిచిన వాళ్ళను. బిర్యానీ తినిపిచ్చి, నీలం లైటు పడంగనే అరవమన్న. నీ మీద పగ గాదు. రిహార్సల్‌కు నీ దోస్తులను కూసొవెట్టినవ్ చూడు, ఆ దినం చొక్కా మడిచిన. ఒక్కలు దగ్గలే, ఒక్కలు కదలలే. నువ్వు ఉరికొచ్చి, బాబాయ్, ఈ సప్పుడు లేకపోవుడే మనకు చప్పట్లు అన్నవ్. నాకట్ల ఇనవడలే. నలభై ఏండ్లు కిరీటం పెట్టుకొని పాడిన. రాగం ఆపంగనే హాలు లేచేది. అది లేస్తేనే నేను ఉన్ననని నాకు తెలిసేది. నీ నాటకంల ఎదురుంగ అంత చీకటి, ఉలుకు లేదు పలుకు లేదు. శ్రీరామమూర్తే పోయిండు, వాని చొక్కా వాడే మడుస్తుండు అనిపిచ్చింది. భయమైంది. ఒక్క కేక చాలనుకున్న, హాలు నవ్వుతదనుకోలే. కని నిజం చెప్పాల్నంటే, ఆ నవ్వు మొదలుగాక ముందు ఒక్క గడియ నాకు పాణం లేచొచ్చింది. రాత్రే ఆదివారానికి గూడ రమ్మని చెప్పిపెట్టిన వాళ్ళకు. పొద్దటి సంది వద్దని చెప్దామని ఫోన్ పట్టుకొని కూసున్న, చేతనైతలేదు. రావద్దని నువ్వే వాళ్ళకు చెప్పు బిడ్డా. నాతోని కాదు."