పదిహేడో స్థానం

ఆమోస్ టకర్‌ని మా అల్లుడు మళ్ళీ పదిహేడో స్థానంలోనే పెట్టాడు. ఆ కాగితం వంటింట్లో ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద వేలాడుతోంది. ఆమోస్ దానికి ఎదురుగానే కూర్చుని ఉప్మా తింటున్నాడు.

"ఒరే సత్యం, మనింట్లో అన్నం తినే పిల్లాణ్ణి పదిహేడోవాడని ఎట్లా రాశావురా? పొద్దున లేస్తే పాల కోసం వాడు ఆ తలుపే గదా తియ్యాల్సింది?" అన్నాను.

"నేను పెట్టిందేముంది అత్తా? వాడేసిన బంతులే పెట్టినయ్," అన్నాడు సత్యానందం టై బిగించుకుంటూ.

సత్యానందం నాకు అల్లుడూ, మా తమ్ముడి కొడుకూ. అందుకే ఒరే అంటాను. ట్రాక్టర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. సాయంత్రం ఇంటికి వచ్చాక చిన్న కంప్యూటర్ ముందు కూర్చుని బేస్‌బాల్ లెక్కలు వేస్తాడు. ఐయోవాలో మిసిసిపీ నది పక్కనున్న మా ఊరికి అప్పట్లో, అంటే ఎనభై ఆరులో, ఒక టీమ్ ఉండేది. టీవీలో కనిపించే పెద్ద టీమ్ కింద నాలుగు మెట్లుగా చిన్న టీములు ఉంటాయి. మాది కింది నుంచి రెండో మెట్టు. బాగా ఆడినవాణ్ణి పై మెట్టుకి పంపుతారు, ఆడలేనివాణ్ణి ఇంటికి పంపుతారు. ఆ నాలుగు మెట్ల మీదున్న కుర్రాళ్ళలో ఎవరు చివరిదాకా ఎక్కుతారో లెక్కగట్టి, పాతికమందిని వరసలో పెట్టి, నెలకోసారి కాగితం అచ్చు తీసి, కావాలన్నవాళ్ళకి పోస్టులో పంపడం సత్యానందం సరదా.

ఆ కుర్రాళ్ళకి ఇచ్చే జీతం గది అద్దెకి కూడా చాలదు. అందుకని ఊళ్ళో కుటుంబాలే వాళ్ళని ఇళ్ళల్లో ఉంచుకునేవి. పాస్టరు గారు అడిగితే నా కూతురు రూతు సరేనని బేస్‌మెంట్‌లో గది ఇచ్చింది. ఆమోస్ మూడోవాడు. మొదటివాడికి ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, పై మెట్టులో ఎవరికో కాలు విరిగిందట. నేను పెరట్లో బట్టలు ఆరేసి, పోస్టు చూసుకుని లోపలికి వచ్చేసరికి వాడు లేడు. వాడి తడి చొక్కాలు తాడు మీదే ఉండిపోయాయి. రెండోవాణ్ణి ఆఫీసుకి పిలిచి ఇక చాలన్నారు. వాడి కోసం చేసిన పులిహోర కిటికీలోంచి అందించబోతుంటే బస్సు కదిలిపోయింది.

అప్పటినుంచీ ఆమోస్ బాగా ఆడితే నాకు భయం, చెడగొడితే ఇంకా భయం. మోకాళ్ళ మీద ఉండి ప్రభువుని అడిగేది ఒకటే: వీణ్ణి నడిమధ్యన ఉంచు తండ్రీ. ఆ లెక్కన పదిహేడు మంచి స్థానమే. అయినా మనవాణ్ణి మనమే తక్కువచేసి రాయడం నాకు గిట్టలేదు.

ఆమోస్‌ది అర్కన్సా. ఎడమచేతి వాటం. ఎడమ చేత్తో బంతి వేసేవాళ్ళు అరుదు గనక వాణ్ణి ఇంకా ఉంచారని సత్యం అనేవాడు. నాకు మాత్రం ఆ ఎడమ చెయ్యి మొదట్నుంచీ ఇబ్బందే. ప్లేటు ఎడమ చేత్తో అందుకునేవాడు, మంచినీళ్ళు ఎడమ చేత్తో ఇచ్చేవాడు. "కుడి చెయ్యి ఆమోస్, కుడి చెయ్యి" అనేదాన్ని. మా మనవరాలు నవోమి ఇంగ్లీషులో చెప్పేది. వాడు నవ్వి, చెయ్యి మార్చి, సగం పప్పన్నం ఒళ్ళో పోసుకునేవాడు. నవోమిని చూసి నన్ను "అమామా" అని పిలవడం నేర్చుకున్నాడు.

ఆగస్టు చివరికి వచ్చింది. సోమవారంతో ఆటలు అయిపోతాయి. ఆ తర్వాత పెద్ద టీమ్ వాళ్ళు కొందర్ని ఏరి అరిజోనాలో చాండ్లర్ దగ్గరున్న మైదానాలకి పంపి, చలికాలం దాకా నేర్పిస్తారు. అక్కడికి పంపలేదంటే వచ్చే ఏడు పిలుపు రానట్టే. ఆమోస్‌కి ఇరవై మూడు నిండాయి. ఆ మెట్టు మీద అది ముసలి వయసని సత్యం అంటే నాకు ఒళ్ళు మండింది.

"పంపకపోతే ఏం చేస్తావురా?" అని ఆమోస్‌ని అడిగాను.

"మా మామ కోళ్ళ ఫ్యాక్టరీలో చేస్తాడు. కోళ్ళు కొయ్యడానికి ఏ చెయ్యైనా ఒకటే, అమామా," అన్నాడు. వాడి మాటలు నవోమి తెలుగులో చెప్పేది. ఆ నవ్వుకి మాత్రం తెలుగు అక్కర్లేకపోయింది. నాకది నచ్చలేదు.

ఎవరిని పంపాలో తేల్చడానికి పెద్ద టీమ్ నుంచి ప్రూయిట్ అనే పెద్దాయన వచ్చాడు. గడ్డి టోపీ, నోట్లో పుల్ల, చేతిలో బంతి వేగం కొలిచే తుపాకీలాంటి యంత్రం. ఆదివారం ఆటలో బంతి వేసే వంతు ఆమోస్‌ది.

శనివారం పొద్దున వాడు ఎడమ చెయ్యి బల్ల కింద పెట్టుకుని కుడి చేత్తో బుద్ధిగా తింటున్నాడు. చెప్పకుండా కుడి చేత్తో తినడమేమిటని అనుమానం వచ్చి చెయ్యి బయటికి లాగాను. మధ్యవేలి కొసన బొబ్బ చితికి ఎర్రగా ఉంది.

"ఇదేందిరా?"

"ఏం లేదు అమామా."

"ఏం లేకపోతే ఎందుకు దాస్తున్నావు?"

నాకు కాలు నిలవలేదు. డబ్బాలో దుగ్గిరాల పసుపు ఉంది. తెనాలి నుంచి వచ్చినవాళ్ళ సూట్‌కేసులో తెప్పించుకున్నది, కూరల్లో కూడా పొదుపుగా వాడేదాన్ని. నెయ్యి వేడిచేసి, పసుపు కలిపి, వేలికి పట్టించి గుడ్డ చుట్టాను. సాయంత్రానికి మంట తగ్గిందన్నాడు. మళ్ళీ కట్టాను. ఆదివారం చర్చికి బయల్దేరేముందు ఇంకోసారి. వాడు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కునే ఆటకి వెళ్ళాడు. అన్నిసార్లు పట్టించిన పసుపు సబ్బుకి పోతుందా? పసుపు అంటిన వేళ్ళు నాకు పుట్టినప్పటినుంచీ మామూలే. అది ఎవరికైనా తప్పుగా కనిపిస్తుందన్న ఊహే రాలేదు.

మొదటి ఇన్నింగ్స్‌లో ముగ్గురికి ముగ్గుర్నీ ఇంటిదారి పట్టించాడు. సత్యం పెన్సిలు ఆగకుండా నడుస్తోంది. ప్రూయిట్ మాకు రెండు వరసల ముందు కూర్చున్నాడు. రెండో ఇన్నింగ్స్‌లో అవతలి టీమ్ వాడు బ్యాటు దించి, బంతి చూడమని అంపైర్‌కి చెప్పాడు. అంపైర్ బంతిని తిప్పి తిప్పి చూశాడు. ఆమోస్ దగ్గరికి నడిచి చెయ్యి చాపమన్నాడు. వేళ్ళు పట్టుకుని వాసన కూడా చూశాడు. ఆ తర్వాత బొటనవేలు గేటు వైపు ఊపాడు.

"ఏమైంది సత్యం? ఎందుకు పొమ్మంటున్నాడు?"

"బంతికి ఏదో పూశాడంటున్నాడు అత్తా. జిడ్డు పూస్తే బంతి గాల్లో వంకర తిరుగుద్ది. మోసం కింద లెక్క."

వెనక వరసల్లో ఎవరో "చీటర్! చీటర్!" అని మొదలుపెట్టారు. నేను నా చేతులు చూసుకున్నాను. గోళ్ళ అంచులన్నీ పసుపే. లేచాను.

"అమ్మమ్మా, నో! ఎక్కడికి గోయింగ్? సిట్ డౌన్, ప్లీజ్! అందరు చూస్తరు నిన్ను!" అని నవోమి నా స్వెటరు పట్టుకుంది. విడిపించుకుని మెట్లు దిగాను. తెల్లచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, వైరు కంచె దగ్గరికి వెళ్ళి, రెండో చేతి వేళ్ళు కన్నాల్లోంచి అవతలికి పెట్టాను.

"మై మెడిసిన్!" అని అరిచాను. "సార్! మై మెడిసిన్! బాయ్ నో మిస్టేక్!"

అంపైర్ వచ్చి చూశాడు. టోపీ సర్దుకుని ఏదో చెప్పాడు. వెనకాలే పరుగెత్తుకొచ్చిన నవోమి ముఖం కందగడ్డలా ఉంది. "చెయ్యి మీద మందు ఉన్నా, ఏది ఉన్నా అవుట్ అంట. అది రూల్ అంట. ఇప్పుడు వెళ్దాం, అమ్మమ్మా."

తిరిగి వస్తుంటే ప్రూయిట్ నోట్లో పుల్ల కదుపుతూ నా వేళ్ళ వంక చూశాడు. ఏమనుకున్నాడో ముఖం చూస్తే తెలియలేదు.

ఇంటికి రాగానే రూతు మొగుడి మీద పడింది. సీజను చివరి కాగితం ఆ సాయంత్రమే తయారుచేయాలి. మర్నాడు పొద్దున మొదటి కాపీ ప్రూయిట్ చేతికి ఇవ్వడం ప్రతి ఏడూ సత్యం చేసే పని.

"బావా, ఆ గొడవ అసలు రాయొద్దు."

"ప్రూయిట్ కళ్ళారా చూశాడు గదే. రాయకపోతే నేను దాచినట్టు గాదా?"

"అయితే పసుపని రాసి, ఒక్కసారికి పదో స్థానంలో పెట్టు. నీ సొమ్మేం పోయింది? చర్చిలో జాలి గురించి గంటసేపు చెప్తావు!"

"వాడు పదోవాడు గాదు రూతూ. నేనేం చెయ్యను?"

"ఒరే, నా వల్ల వాడి బతుకు పోతుంటే నీకు లెక్కలు ముఖ్యమా?" అని నేనూ అందుకున్నాను. "వాడు నీ ఎదురుగా కూర్చుని తిన్నాడురా!"

బేస్‌మెంట్ మెట్ల మీది నుంచి ఆమోస్ గొంతు వినిపించింది. మా అరుపుల్లో వాడికి ఏం అర్థమైందో, అంకె మాత్రం అర్థమైంది. "పదిహేడే ఉంచండి సార్. పైన పదహారు మందినీ నేను చూశాను."

సత్యం వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ప్రింటర్ చప్పుడు ఆగాక నవోమి ఆ ముక్క నాకు చదివి చెప్పింది. ఆదివారం టకర్ వేళ్ళ మీద కనిపించింది పసుపు, నెయ్యి అనీ, బొబ్బకి మా అత్తగారు కట్టిన మందనీ, టకర్ మా ఇంట్లోనే ఉంటున్నాడనీ రాశాడు. దాని కింద, పదిహేడో స్థానం.

సోమవారం ఫ్యాక్టరీకి సెలవు. సత్యం కాగితం తీసుకుని పోయాడు. వెళ్ళేముందు వాడికి కాఫీ ఇచ్చాను గానీ వాడితో మాట్లాడలేదు. కాసేపటికి ఫోన్ మోగింది. ఆమోస్‌ని ఆఫీసుకి రమ్మన్నారు.

వాడు తన కారెక్కి వెళ్ళాక నేను కూర్చోలేకపోయాను. బియ్యం కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను. చింతపండు నానేశాను, ఈసారి ముందే పులిహోర కలిపి ఉంచాలని. పోపు వేస్తూ కిటికీ దగ్గరికీ, కిటికీ నుంచి పొయ్యి దగ్గరికీ తిరిగాను. ఆవాలు మాడిపోయాయి. పారబోసి మళ్ళీ వేశాను.

"అమ్మా, కాసేపు కుదురుగా కూర్చోవే. నన్ను కూడా పిచ్చిదాన్ని చేస్తున్నావు," అంది రూతు.

కారు చప్పుడైంది. గరిటె చేత్తోనే బయటికి వెళ్ళాను. ముందు సత్యం దిగాడు, వెనకే వచ్చిన తన కారులోంచి ఆమోస్. వాడు వచ్చి గుమ్మం మెట్టు మీద కూర్చుని రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు.

"చెప్పరా! ఏమన్నారు?"

నవోమి పక్కన కూర్చుంది. వాడు చెబుతుంటే ఒక్కో ముక్కా నాకు చెప్పింది. ప్రూయిట్ బల్ల మీద సత్యం కాగితం ఉందట. నిన్నటి ఆట చూసి, వీడు జిడ్డు పూసే రకం, ఇంటికి పంపేద్దామనే ఆయన అనుకున్నాడట. "ఈ మనిషి నీకు తిండి పెడతాడు. నీ గురించి రాసేటప్పుడు ఒక్క స్థానం కూడా పైకి జరపలేదు. ఇలాంటివాడు అది పసుపని రాస్తే అది పసుపే" అన్నాడట. "నాకు ఎడమచేతి వాళ్ళు చాలడం లేదు. శుక్రవారానికి అరిజోనాలో ఉండు. ఆ ముసలమ్మని మాత్రం నీ చెయ్యి ముట్టుకోనివ్వకు" అన్నాడట.

రూతు పెద్దగా ఏడ్చేసింది. సత్యం కారు తాళాలు తిప్పుకుంటూ నా వంక చూశాడు. "ఏం అత్తా, ఇప్పుడైనా మాట్లాడతావా?"

"పదహారులో పెడితే నమ్మేవాడు కాదంటావా?" అన్నాను.

"ఇంకా బేరమేనా!" అని వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. లోపలికి వచ్చి పులిహోర మూత పెడుతుంటే అప్పుడు తగిలింది నాకు, వాడు వెళ్ళిపోతున్నాడని.

మంగళవారం తెల్లవారగానే నేను ఆమోస్ కారు ముందు నిలబడ్డాను. నన్ను దాటి ఆ కారు కదిలే వీలు లేదు. రేకు కాగితంలో చుట్టిన పులిహోర సీటు మీద నా చేత్తోనే పెట్టాను. రూతు ప్రార్థన చేసింది. సత్యం వాడి భుజం తట్టి, "ఆరునెలల తర్వాత మళ్ళీ రాస్తాను, జాగ్రత్త" అన్నాడు ఇంగ్లీషులో.

ఆమోస్ సంచిలోంచి ఒక బంతి తీశాడు. ఆదివారం నాటిది. ప్రూయిట్ అంపైర్ దగ్గర తీసుకుని వాడికి ఇచ్చాడట. తెల్ల తోలు మీద, ఎర్ర కుట్టు పక్కన పసుపు వేలిముద్ర. ఎడమ చేత్తో చాపబోయి, టక్కున ఆగి, నాలుక కరుచుకుని కుడి చేతిలోకి మార్చుకున్నాడు.

"వద్దు. ఆ చేత్తోనే ఇవ్వు," అన్నాను.

నవోమి నోరు తెరిచేలోపే వాడు బంతి మళ్ళీ ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. నేను రెండు చేతులూ పట్టాను. వేలి కొసన బొబ్బ ఎండి, పొలుసు కట్టి ఉంది.

కారు మలుపు తిరిగేదాకా అందరం అక్కడే ఉన్నాం. ఆ తర్వాత వాళ్ళు లోపలికి పోయారు. నేను పెరట్లోకి వెళ్ళి తాడు చూశాను. చొక్కాలేవీ లేవు. బేస్‌మెంట్ గదిలో మంచం కింద చూశాను. ఏమీ మర్చిపోలేదు వాడు. బంతి కొంగులో మూటగట్టుకుని, ఇంకోసారి పెరట్లోకి వెళ్ళి తాడు చూసి వచ్చాను.