నీళ్లలో వెలుగు

వెల్డింగ్ మేస్త్రి గేటుకు అతుకు వేస్తూనే పొద్దుటి నుంచి మాటిమాటికీ ఒంటేలుకు వెనకవైపు వెళ్లొస్తున్నాడు. వెళ్లిన ప్రతిసారీ నాలుగు చుక్కలు, అంతే. మధ్యాహ్నానికి ఆ చుక్కలూ ఆగిపోయి పొత్తికడుపు రాయిలా బిగుసుకుంది. "వయసన్నాక ఇవి మామూలేనే" అంటూ ఏడాదిగా భార్య నోరు మూయించిన మనిషి, ఆమె ఆటో పిలవగానే కిక్కురుమనకుండా ఎక్కాడు.

ఆసుపత్రిలో మూత్రానికి గొట్టం వేశారు. సంచి నిండుతుంటే పోయిన ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటే ఆయన కుతూహలమూ లేచి కూర్చుంది.

"ప్రోస్టేట్ గ్రంథి బాగా పెరిగి మూత్రం దారిని నొక్కేసింది మేస్త్రీ గారూ. ఇక మందులతో అయ్యేలా లేదు. లేజర్‌తో తీసేద్దాం. పైన కోత ఉండదు," అంది డాక్టరమ్మ.

"కొయ్యకుండా ఎలా తీస్తారమ్మా?"

"మూత్రం వచ్చే దారిలోంచే సన్న గొట్టం పంపిస్తాం. అందులో సన్నటి తీగ, దాని కొసన వెలుగు."

"రవ్వలు లేస్తాయా?"

"లేవవు. లోపలంతా ఉప్పునీళ్లు పారుతుంటాయి."

మేస్త్రి నిటారుగా కూర్చున్నాడు. "నీళ్లలో కోస్తుందా అది?"

భార్య తల పట్టుకుంది. "చూపిస్తేగానీ వదలడమ్మా ఈయన."

"నడుము కిందికే మత్తిస్తాం. తెరమీద చూద్దురుగాని," అని నవ్వింది డాక్టరమ్మ.

అన్నట్టే తెర ఆయనవైపు తిప్పారు. కాళ్లు తనవి కానట్టే ఉన్నాయి. తెరమీద గులాబీరంగు గుహ, దారిని మూసేస్తూ రెండువైపులా ఉబ్బిన కండ. తీగ కొసన వెలుగు చిటపటలాడి బుడగలు లేచాయి. నారింజ తొన తొక్కనుంచి ఊడినట్టు కండ మెల్లగా విడివడుతోంది. రక్తం చిమ్మినచోట ఆ వెలుగే దాన్ని ఆపేస్తోంది.

"చుట్టూ ఉన్న ఆ తొక్క తెగితేనో?"

"తెగనివ్వను. కాసేపు మాట్లాడకండి."

ఆయన నోరు మూసుకున్నాడు, కళ్లు మాత్రం ఆర్పలేదు. ఊడిన కండను మూత్రాశయంలోకి నెట్టి, అక్కడే ముక్కలు చేసి పీల్చేశారు.

గొట్టం తీసిన రోజు, బాత్‌రూమ్‌లో భయంభయంగా నిలబడ్డాడు. ముందు చురుక్కుమంది. తర్వాత ధార.

"ఏమైంది?" తలుపవతల నుంచి భార్య గొంతు.

"వినబడట్లేదూ?"

కొన్ని వారాలపాటు, దగ్గితే చుక్కలు పడేవి. చెప్పిన వ్యాయామం చేస్తే అవీ తగ్గాయి. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, తీసిన ముక్కల్లో క్యాన్సర్ లేదని డాక్టరమ్మ చెప్పింది. మేస్త్రి లేవబోయాడు. భార్య మాత్రం కదల్లేదు.

"అవునమ్మా, ఈ గ్రంథి మా ఆడవాళ్లకెందుకు లేదు?"

మేస్త్రి మళ్లీ కూర్చున్నాడు.